ఇంటర్నెట్ ఫోన్‌లో ఫ్యాక్స్ ఎందుకు తడబడుతుంది?

బ్రిటన్ తన పాత టెలిఫోన్ వ్యవస్థను ఆపేయడానికి 2027 జనవరిని గడువుగా పెట్టుకుంది. జపాన్‌లో ఎన్‌టీటీ 2024 జనవరిలోనే ల్యాండ్‌లైన్లను ఇంటర్నెట్ పద్ధతికి మార్చడం మొదలుపెట్టింది. మన దగ్గరా ఫైబర్ మీద వచ్చే ల్యాండ్‌లైన్ ఇంటర్నెట్ ఫోనే. ఈ మార్పు వల్ల మాటకు పెద్దగా ఇబ్బంది లేదు. చిక్కంతా ఫ్యాక్స్‌కే. అమెరికాలో ఆసుపత్రుల నుంచి మందుల షాపులకు ప్రిస్క్రిప్షన్లు ఇప్పటికీ ఫ్యాక్స్‌లో వెళుతుంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కొత్త కనెక్షన్‌లో మాట శుభ్రంగా వినిపిస్తుంది, ఫ్యాక్స్ మాత్రం సగం పేజీలో ఆగిపోతుంది. మెషిన్ పాడైందనుకుంటాం. చాలాసార్లు మెషిన్ బాగానే ఉంటుంది.

ఫ్యాక్స్ మెషిన్ కాగితాన్ని చుక్కలుగా చదివి, ఆ చుక్కలను శబ్దాలుగా మార్చి పంపుతుంది. ముందు రెండు మెషిన్లూ సెకనుకు 300 బిట్ల నెమ్మది వేగంతో మాట్లాడుకుని, పేజీ ఏ వేగంతో పంపాలో తేల్చుకుంటాయి. ఆ తర్వాత పేజీ సెకనుకు 14,400 బిట్ల వరకు వేగంతో వెళుతుంది. రాగితీగ మీద ఆ శబ్దం తెగకుండా సాగేది. ఇంటర్నెట్ ఫోన్ మాత్రం శబ్దాన్ని ముక్కలు చేసి ప్యాకెట్లలో పెడుతుంది. సాధారణంగా ఒక్కో ప్యాకెట్‌లో 20 మిల్లీసెకన్ల శబ్దం ఉంటుంది, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. వాటిలో ఒకటి దారిలో పోతే మన చెవికి తెలియనే తెలియదు. ఫ్యాక్స్‌కు మాత్రం 288 బిట్లు పోయినట్టు. వరుసగా నాలుగైదు పోతే మెషిన్ లెక్క తప్పి లైన్ కట్ చేస్తుంది.

పైగా మాట కోసం పెట్టిన సదుపాయాలే ఫ్యాక్స్‌కు అడ్డం పడతాయి. జి.729 అనే కోడెక్ మనిషి గొంతును సెకనుకు 8,000 బిట్లలోకి కుదిస్తుంది. అంత ఇరుకు దారిలో 14,400 బిట్ల ఫ్యాక్స్ ఎలా పడుతుంది? అందుకే మొదట చేయాల్సిన పని, ఫ్యాక్స్ లైనుకు కుదింపు లేని జి.711 కోడెక్ ఒక్కటే ఉంచడం. ఎవరూ మాట్లాడనప్పుడు ప్యాకెట్లు ఆపేసే సైలెన్స్ సప్రెషన్‌ను తీసేయాలి. ప్యాకెట్లు ముందూ వెనకా వచ్చే తేడాను సర్దే జిట్టర్ బఫర్‌ను మారుతూ ఉండేలా కాక ఒకే కొలతకు కట్టేయాలి. ఇంటర్నెట్ నిలకడగా ఉన్నచోట ఇంతమాత్రం చేస్తే చిన్న ఫ్యాక్స్‌లు వెళ్లిపోతాయి.

గట్టి పరిష్కారం వేరే ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో టి.38 అనే ప్రమాణం తెచ్చింది. ఇందులో శబ్దం ప్రయాణించదు. మెషిన్ పక్కనున్న అడాప్టర్ శబ్దాన్ని విని, అందులోని బిట్లను బయటికి తీసి పంపుతుంది. అవతలి అడాప్టర్ వాటిని మళ్లీ శబ్దంగా చేసి తన మెషిన్‌కు వినిపిస్తుంది. ప్రతి ప్యాకెట్‌లో దానికి ముందు వెళ్లినవాటి నకళ్లు కూడా పెట్టవచ్చు, కాబట్టి ఒకటి పోయినా సమాచారం పోదు.

అయితే టి.38 ఒక చోట ఆన్ చేస్తే చాలదు. కాల్ మామూలు ఫోన్ కాల్‌గానే మొదలవుతుంది. ఫ్యాక్స్ కూత వినబడ్డాక ఒక వైపు నుంచి 'ఇక టి.38కి మారదాం' అన్న అభ్యర్థన వెళుతుంది. మధ్యలోని ఎక్స్ఛేంజ్ గానీ సర్వీస్ కంపెనీ గానీ ఒప్పుకోకపోతే కాల్ అక్కడే తెగిపోవచ్చు. ఆఫీసులో ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఎండ్‌పాయింట్‌లోనూ, సర్వీస్ కంపెనీ ట్రంక్‌లోనూ టి.38ను ఆన్ చేసి, దానికి కేటాయించిన యూడీపీ పోర్టులను ఫైర్‌వాల్‌లో తెరవాలి. 14,400 కంటే వేగంగా పంపగల సూపర్ జి3 మెషిన్ అయితే వేగాన్ని 14,400కు, అప్పటికీ కుదరకపోతే 9,600కు తగ్గించాలి. అంతకు మించిన 33,600 వేగం పాత టి.38 అడాప్టర్లకు అర్థం కాదు.

ఈసీఎం విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి. ఇది తప్పుగా చేరిన భాగాలను మళ్లీ పంపించే ఏర్పాటు. దీన్ని ఆపేస్తే ఫ్యాక్స్‌లు వెళతాయని చాలాచోట్ల సలహా ఇస్తారు. వెళతాయి, నిజమే. కానీ పోయిన గీతలు పోయినట్టే అవతల అచ్చవుతాయి. మందు మోతాదులో దశాంశ బిందువు చెరిగిపోతే? వైద్యానికి, కోర్టు పనులకు సంబంధించిన కాగితమైతే అది తప్పుగా చేరడం కంటే అసలు చేరకపోవడమే మేలు. విఫలమైందని తెలిస్తే మళ్లీ పంపుతాం. తప్పుగా చేరిందని తెలిసేదెలా? ఈసీఎంను ఉంచి లైనును బాగుచేసుకోవడమే నా సలహా.

మామూలుగా టి.38 ప్యాకెట్లకు రహస్య సంకేతీకరణ ఉండదు. రోగుల వివరాలు పంపేవారు వీపీఎన్ ద్వారా పంపాలి.

కనెక్షన్ తీసుకునే ముందే 'మీ నెట్‌వర్క్‌లో టి.38 ఈ చివర నుంచి ఆ చివర దాకా పనిచేస్తుందా?' అని కంపెనీని అడగండి. తర్వాత ఒక్క పేజీతో సరిపెట్టక, వేరే కంపెనీ నంబరుకు పది పేజీలు పంపి చూడండి. అవన్నీ చేరాకే పాత లైన్ వదులుకోండి.