ఏ మందుకు ఎంత వెల?

ఉద్యోగం వచ్చిందనగానే "జీతమెంత?" అని అడుగుతాం గాని, "జబ్బు చేస్తే కంపెనీ ఏం చేస్తుంది?" అని అడగం. అమెరికాలో ఇది మొదట అడగవలసిన ప్రశ్న. అక్కడ పనిచేసే వయసువారిలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా దొరికేది యజమాని ద్వారానే.

ఆ బీమాలో ఖర్చంతా కంపెనీ భరించదు. కొంత వంతు రోగి పెట్టుకోవాలి. చేతి డబ్బు పడితే అనవసరపు వైద్యం తగ్గుతుందని ఆలోచన. నిజమేనా? 1974 నుంచి 1982 వరకు రాండ్ అనే పరిశోధనా సంస్థ వేలమందిపై ప్రయోగం చేసి చూసింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం, మిగతావారికి రకరకాల వంతులు. చేతి డబ్బు పడ్డవాళ్ళు వైద్యం తగ్గించుకున్న మాట నిజమే. కాని అక్కరలేనిదీ, అక్కరకొచ్చేదీ ఒకే తీరున తగ్గించుకున్నారు! రక్తపోటు ఉన్న పేదలకు ఉచిత వైద్యమే మేలు చేసింది.

దీంట్లో నాకు ఆశ్చర్యమేమీ లేదు. చేతిలో డబ్బు ఆడనప్పుడు మా నాన్న ఎరువు కొనడం మానడు, బి.పి. బిళ్ళలు మానేస్తాడు. బిళ్ళ మానినా ఆ పూట ఏ నొప్పీ తెలియదు గదా! జలుబు చేస్తే మాత్రం యాంటీబయాటిక్ అడిగి మరీ కొంటాడు. జలుబు వైరస్ వల్ల వచ్చేది. ఆ మందు దానిమీద పనిచెయ్యదు. తప్పు ఆయనది కాదు. ఏది అవసరమో వెల చూస్తే తెలియదు.

అందుకే కొందరు పద్ధతిని తిరగవేశారు. అన్నిటికీ ఒకే వంతు కాకుండా, గుణం రుజువైన వైద్యానికి రోగి వంతు తగ్గించాలి. రుజువు లేనిదానికి పెంచాలి. 2001లో పిట్నీ బోస్ కంపెనీ తన ఉద్యోగులకు మధుమేహం, ఉబ్బసం మందుల మీద వంతు తగ్గించింది.

మరి వెల తగ్గిస్తే చాలా? 2011లో వెలువడిన పరిశోధన ఒకటి చూడండి. గుండెపోటు వచ్చిన 5,855 మందిలో కొందరికి గుండె మందులు పూర్తిగా ఉచితం చేశారు. మందుల వాడకం నూటికి 4 నుంచి 6 పాళ్ళు పెరిగింది, అంతే! వెల ఒక అడ్డంకి, అదొక్కటే అడ్డంకి కాదన్నమాట. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ నగరపాలక సంస్థ 1990లలో మధుమేహమున్న ఉద్యోగులకు మందుల వంతు తీసేసి ఊరుకోలేదు. వాళ్ళు ఫార్మసిస్టును తరచూ కలిసి మాట్లాడే ఏర్పాటూ చేసింది. అదే సరైన దారి అని నా అభిప్రాయం.

మిత్రులారా! రేపు మనలో ఉద్యోగాల్లో చేరేవాళ్ళు, యాజమాన్యంతో మాట్లాడేవాళ్ళు ఉంటారు. అప్పుడు "వైద్యానికి ఎంతిస్తారు?" అని మాత్రమే కాదు, "ఏ వైద్యానికి, ఏ రుజువు చూసి ఇస్తారు?" అని కూడా అడుగుదాం. యజమానంటూ లేని రైతు తరఫున ఆ ప్రశ్న అడగవలసిందీ మనమే.