ఫ్యానుతో పాటు భద్రత కూడా ఇద్దాం: కొండ ఊళ్ళలో గాలివాన, ఇంటి కరెంటు



2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. దాని దెబ్బ సముద్రపు ఒడ్డుతో ఆగలేదు. తూర్పు కనుమల్లో అరకు, పాడేరు ప్రాంతాల కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్దయెత్తున కూలిపోయాయి. చెట్లు పడినచోట కరెంటు స్తంభాలు, తీగలు కూడా పడ్డాయి. తుపానులు వచ్చే అక్టోబర్, నవంబర్ నెలలే కాదు, ఏప్రిల్, మే నెలల్లో పిడుగులతో వచ్చే గాలివానలు కూడా ఆ కొండ ఊళ్ళకు గండమే.

ఇలాంటి కష్టకాలంలో మనం బియ్యం, దుప్పట్లు, పైకప్పు రేకులు పంపుతాం. ఇల్లు మళ్ళీ నిలబడ్డాక ఫ్యాను, కుట్టు మిషను, నీళ్ళ మోటారు ఇస్తాం. అన్నీ మంచి పనులే. అయితే ఆ వస్తువును ఏ బోర్డుకు తగిలిస్తారు, ఆ బోర్డుకు ఎర్త్ ఉందా అని అడిగేవారు తక్కువ. బతుకుదెరువు కోసం మనమిచ్చిన మోటారే ఆ ఇంటి తల్లికో బిడ్డకో షాక్ కొడితే మన సాయం ఏమైనట్టు? అందుకే ఈ నాలుగు మాటలు.

ప్రమాదం మొదలయ్యే చోటు

స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును ముందు చూడాలి. గాలికి ఊగి ఊగి, రేకు అంచుకు రాసుకుని దాని పైతొడుగు అరిగిపోతుంది. అప్పుడు రేకుల కప్పు మొత్తానికి కరెంటు పాకవచ్చు. ఆ కప్పుకు కట్టిన ఇనుప దండెం మీద తడి బట్టలు ఆరేసే మనిషికి అదే మృత్యువు అవుతుంది. కాబట్టి సర్వీసు వైరు రేకుకు తగలకుండా ఎత్తుగా, బిగుతుగా ఉండాలి. మధ్యలో అతుకులు ఉండకూడదు. దండేనికి నైలాను తాడు వాడాలి. దాన్ని కరెంటు స్తంభానికి గానీ, స్తంభాన్ని పట్టి ఉంచే స్టే వైరుకు గానీ ఎన్నడూ కట్టకూడదు.

కొండ నేలలో ఎర్త్ ఒక్కటే ఎందుకు చాలదు?

మోటారులో తీగ దెబ్బతిని దాని ఇనుప ఒంటికి కరెంటు వస్తే, ఆ కరెంటును భూమిలోకి పంపే దారే ఎర్త్. తేమ ఉన్న నల్లరేగడి నేలలో ఈ దారి సులువుగా దొరుకుతుంది. రాతి నేలలో కరెంటు భూమిలోకి దిగడం కష్టం. ఒక లెక్క చూద్దాం. ఎర్త్ నిరోధం 50 ఓములు ఉందనుకుంటే, 230 వోల్టుల దగ్గర అందులో పారేది సుమారు నాలుగున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడిపోదు. అంటే మోటారు ఒంటిలో కరెంటు అలాగే ఉండిపోతుంది. ఇంట్లో మాత్రం దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఇక్కడ ఆదుకునేది ఆర్‌సీసీబీ అనే పరికరం. ఫేజు తీగలో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ సరిచూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు, అంటే ఆంపియరులో వందో వంతులు మూడింటికి చేరేసరికి, సెకనులో మూడో వంతు గడవక ముందే సరఫరాను ఆపేస్తుంది. ఎంసీబీ తీగలను కాలిపోకుండా కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఇంటికి రెండూ కావాలి.

దానికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే అది గుర్తించలేకపోవచ్చు. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి, పడిపోతోందో లేదో చూడాలి. ఎర్త్ గుంతకు ఎండాకాలంలో నీళ్ళు పోస్తుండాలి. వస్తువు మూడు పిన్నులదైతే మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టకూడదు.

పిడుగుల వేళ

పిడుగును ఆర్‌సీసీబీ ఆపలేదు. ఉరుము వినబడగానే టీవీ, ఫ్రిజ్, చార్జరు ప్లగ్గులు తీసివేయడమే అందరికీ అందుబాటులో ఉన్న ఉపాయం. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించేవారు ముందు ఎర్త్ బాగు చేయించాలి, ఎర్త్ సరిగా లేకపోతే అది కూడా పనిచేయదు. మూడు ఫేజుల లైనున్న ఊళ్ళలో చెట్టు పడి న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్ళకు 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. దీపాలు ఉన్నట్టుండి మరీ కాంతిగా వెలిగితే వెంటనే మెయిన్ ఆపాలి.

గాలివాన వెలిసాక

తెగిపడిన తీగ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, పిల్లలను, పశువులను పోనివ్వకూడదు. వెంటనే 1912 నంబరుకు చెప్పాలి. తడిసిన బోర్డులు ఆరి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు. షాక్ తగిలిన మనిషిని చేత్తో లాగకూడదు, ముందు మెయిన్ ఆపాలి.

సహాయ శిబిరాలకు జనరేటర్లు ఇచ్చే దాతలు ఒక సంగతి గమనించాలి. చేంజ్‌ఓవర్ స్విచ్ లేకుండా జనరేటరును ఇంటి వైరింగుకు కలిపితే, ఆ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి వెళ్ళి 11,000 వోల్టులుగా పెరగవచ్చు. చీకట్లో మన కోసమే తీగలు సరిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం దానితో పోతుంది.

దాతలకు మనవి

ఇకపై కరెంటుతో నడిచే ఏ వస్తువు ఇచ్చినా మూడు ప్రశ్నలు అడుగుదాం. సర్వీసు వైరు రేకుకు తగలకుండా ఉందా? బోర్డుకు ఎర్త్ ఉందా? ఆర్‌సీసీబీ ఉందా? లేకపోతే వస్తువుతో పాటు ఆ ఖర్చు కూడా కలిపి ఇద్దాం. సాధారణంగా ఒక కుట్టు మిషను కొనే సొమ్ములోపే ఆర్‌సీసీబీ వస్తుంది. దాన్ని బిగించే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే అప్పగిద్దాం.

గోడకు బిగించిన ఆ చిన్న పెట్టె ఎవరి కంటికీ ఆనదు, దాని మీద దాత పేరూ ఉండదు. కానీ ఏదో ఒక వానాకాలపు రాత్రి ఒక్కసారి పడిపోయి, ఒక బిడ్డను తల్లిదండ్రులకు దక్కేలా చేస్తే, ఇన్‌షా అల్లాహ్, ఆ సదఖా చేరవలసిన చోటికి చేరినట్టే.