నీటిమట్టం తెలుసు... మన వీధి సంగతేంటి?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చేసింది. ప్రకాష్‌నగర్ వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మందిని చివరికి జేసీబీతో బయటకు తెచ్చారు. నీళ్లు తీశాక బురదలో బియ్యం, బట్టలతోపాటు విద్యార్థుల సర్టిఫికెట్లూ కనిపించాయి.

ఉద్యోగాల పేజీలో వరద గోలేంటి అంటారా? రెండు కారణాలు. మీ సర్టిఫికెట్లను కాపాడుకోవాలి. ఈ సమస్యలోనే మీలో కొందరికి పని కూడా ఉంది.

గోదారి టైమిస్తుంది... మున్నేరు ఇవ్వదు

భద్రాచలంలో ఎవర్ని అడిగినా 43, 48, 53 అని టక్కున చెబుతారు. అవి మూడు ప్రమాద హెచ్చరికల అడుగులు. 1986లో 75.6, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరది. గోదావరి పెద్ద నది కాబట్టి ఎగువన పేరూరు దగ్గర మట్టం పెరిగితే భద్రాచలం సర్దుకోడానికి కొంత సమయం దొరుకుతుంది.

మున్నేరు అలా కాదు, దాని పరీవాహక ప్రాంతం చిన్నది. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటిన ఆ సమయంలో మహబూబాబాద్ జిల్లాలో కొన్నిచోట్ల 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆకేరు, మున్నేరు తీర్థాల దగ్గర కలిసి ఖమ్మం మీదికొచ్చాయి. రెండో హెచ్చరిక 24 అడుగులకే ఉంటే, మట్టం 36 దాకా వెళ్లింది.

గేజీలో 36 అంటే మీ గుమ్మంలో 36 కాదు కదా! మరి ఎన్ని అడుగులకు ఏ వీధి మునుగుతుంది? అది ముందే లెక్కగట్టి, జనానికి అర్థమయ్యేలా చెప్పేవాళ్లు కావాలి.

ఎలా మొదలెట్టాలి?

క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ నడిపే 'భువన్' పోర్టల్‌లో ఎత్తుపల్లాల డేటా దొరుకుతుంది. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నిర్వహిస్తుంది. అయితే ఉచిత డేటాలో ఎత్తు కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. అందుకే టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లండి. గోడలపై మిగిలిన నీటి మరకలు కొలవండి, పెద్దవాళ్లని అడగండి. అలా తయారైన ఒక్క వార్డు మ్యాప్ రెజ్యూమెలో ఉంటే, ఇంటర్వ్యూలో మీరు చేసిన పని గురించే మాట్లాడొచ్చు.

సివిల్, మెకానికల్ వాళ్లకు ఎస్ఎస్‌సీ జేఈ పరీక్ష ద్వారా కేంద్ర జల సంఘంలో పోస్టులుంటాయి. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌తో అదే సంఘంలో గ్రూప్-ఎ అధికారి కావచ్చు. ఏ ఏడాది ఎన్ని ఖాళీలున్నాయో, అర్హతలేంటో నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

ముందు ఈ పని చేయండి

డిజీలాకర్‌లో మీ బోర్డు, యూనివర్సిటీ పేర్లు వెతికి మెమోలు తెచ్చుకోండి. సంస్థ నేరుగా జారీ చేసిన 'ఇష్యూడ్' పత్రానికి ఒరిజినల్‌తో సమాన విలువ ఉంటుంది. మీరు ఫొటో తీసి 'అప్‌లోడ్' చేసినదానికి ఉండదు. ఈ తేడా చాలామందికి తెలీదు. ఒరిజినల్స్‌ని జిప్ కవర్లో పెట్టి, కింది అరలోంచి అటక మీదికి మార్చండి.

కేంద్ర జల సంఘం 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్ ఫోన్లో వేసుకోండి. వానాకాలంలో మీ దగ్గర్లోని గేజీ మట్టం అమ్మానాన్నలకూ చూపించండి.