‘మీది ఏ దేశం?’

తిరువూరు: బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనిషిని ‘ఏ ఊరండీ మీది?’ అని అడగడం మన వైపు పరిపాటి. చుట్టరికం కలుస్తుందేమోనన్న ఆశే తప్ప ఆ మాట వెనుక మరేమీ ఉండదు. పరాయి దేశంలో మనవారికి ఎదురయ్యే ప్రశ్న వేరు.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, ఒలేత పట్టణంలో ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్, మిత్రుడు అలోక్ మాడసాని ఒక బారులో కూర్చుని ఉన్నారు. ముక్కూ మొహం తెలియని వ్యక్తి వచ్చి ‘మీది ఏ వీసా? చట్టప్రకారమే ఉన్నారా?’ అని నిలదీశాడు. అక్కడివారు అతణ్ణి బయటకు పంపివేశారు. అతడు తుపాకీతో తిరిగివచ్చి, ‘నా దేశం నుంచి పొండి’ అంటూ కాల్చాడు. శ్రీనివాస్ మరణించాడు. అలోక్‌తో పాటు, హంతకుణ్ణి పట్టుకోబోయిన అమెరికన్ ఇయాన్ గ్రిల్లట్ కూడా గాయపడ్డాడు. ఇంతకూ తాను కాల్చింది ఇరాన్ వారిననుకున్నాడట ఆ హంతకుడు! 2018లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

శ్రీనివాస్ వీసా సక్రమంగానే ఉంది. ఆయన పోవడంతో, దానిపై ఆధారపడిన భార్య వీసాయే చెల్లకుండా పోయింది! అక్కడి పార్లమెంటు సభ్యుడు కెవిన్ యోడర్ చొరవతో ఆమెకు తాత్కాలిక అనుమతి దొరికింది.

అక్కడే పుట్టినవారికీ ఇది తప్పలేదు. 2013లో మిస్ అమెరికాగా ఎంపికైన నీనా దావులూరి జన్మస్థలం న్యూయార్క్ రాష్ట్రమే. తల్లిదండ్రులు విజయవాడ వారు. ఆ రాత్రే ఆమెను ‘అరబ్బు’ అని కొందరు దూషించారు.

18 ఏళ్లు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ పత్రం దగ్గర ఉంచుకోవాలన్నది అమెరికా చట్టం. అది చూపవలసింది ప్రభుత్వాధికారికి, పక్క బల్ల దగ్గరి మనిషికి కాదు.