దక్షిణ ధ్రువఖండము

నేను ముప్పదియేండ్లు బడిలో భూగోళము చెప్పితిని. గోడపటమున అడుగునగల తెల్లని భాగమును బెత్తముతో చూపి, “ఇది అంటార్కిటికా, ఇచట మంచు తప్ప మఱేమియు లేదు” అని ముందునకు సాగెడివాడను. ఒకనాడొక బాలుడు లేచి, “ఏమీ లేకపోతే దాన్ని పటంలో ఎందుకు వేశారండీ?” అని యడిగెను. నేను కసరి కూర్చుండబెట్టితిని. ఆ ప్రశ్నకు నేడు సమాధానము చెప్పెదను.

ఉత్తర ధ్రువమునొద్ద నున్నది భూములచే చుట్టబడిన సముద్రము. దక్షిణ ధ్రువమునొద్ద నున్నది సముద్రముచే చుట్టబడిన భూమి. దీని వైశాల్యము సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటరులు. మన దేశమునకు నాలుగింతలకు మించినది. ఇందు నూటికి 98 పాళ్లు మంచు క్రిందనే యున్నది. ఆ మంచు మందము సగటున రెండు కిలోమీటరులు.

ఇంత నీరున్నను ఇది యెడారియే. అతిశీతలమైన గాలి తేమను మోయజాలదు. లోపలి పీఠభూమిపై ఏడాదికి కురియు మంచును కరగించి కొలిచినచో 5 సెంటీమీటరుల నీరైనను కాదు. ఆ కొంచెమే కరగక యుగములుగా పేరుకొనినది. సూర్యకిరణములు ఏటవాలుగా పడుట, తెల్లని మంచు వానిని మరల వెనుకకు త్రిప్పుట, పీఠభూమి మిక్కిలి యెత్తుననుండుట, ఈ మూడును చలికి కారణములు. 1983 జూలై 21వ తేదీన వోస్టాక్ కేంద్రమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 89.2 సెంటిగ్రేడు డిగ్రీలకు పడిపోయెను.

అచటి నేలపైననే సదా నివసించు జంతువులలో పెద్దది దోమను బోలిన, ఱెక్కలులేని యొక పురుగు; దాని పొడవు 6 మిల్లీమీటరులకు మించదు. పెంగ్వినులు, సీలులు, తిమింగిలములు సముద్రము పెట్టు కూటితోనే బ్రదుకును. ఆ కూటికి మూలము రొయ్యను బోలిన క్రిల్ అను చిన్నప్రాణి. సముద్రముపై తేలు మంచునకు అడుగున పెరుగు సూక్ష్మమైన నాచే క్రిల్ పిల్లలకు చలికాలపు గ్రాసము.

చక్రవర్తి పెంగ్విను ఆ తేలుమంచుపైననే, నడిచలికాలమున, ఒక్క గ్రుడ్డు పెట్టును. తల్లి మేతకై సముద్రమునకు పోగా, తండ్రి గ్రుడ్డును పాదములపై నుంచుకొని, పొట్టమడతతో కప్పి, రెండుమాసములకు పైగా నిరాహారముగా నిలుచును. పిల్లకు నీరంటని యీకలు వచ్చువఱకు ఆ మంచు నిలువవలెను. 2022లో బెలింగ్స్‌హాసెన్ సముద్రమున అది ముందే విరిగెను. అచటి యైదు స్థావరములలో నాలుగింట పిల్లలు దక్కియుండవని ఉపగ్రహ చిత్రములు చూచినవారు నిర్ణయించిరి.

దీనితో మనకేమి పని యందురా? తేలుమంచు కరగినచో సముద్రమట్టము దాదాపు పెరుగదు. నేలపై మంచు సముద్రమున కలిసినచో పెరుగును. అదంతయు కరగినచో 58 మీటరులు పెరుగునని లెక్క. అంతయు ఒక్కనాటిలో కరగదు. కాని నూటిలో నొక్క పాలు కరగినను అరమీటరునకు మించి పెరుగును. కోనసీమ, దివిసీమ వంటి పల్లపుతీరములకు అరమీటరు స్వల్పము గాదు. కొన్ని దశాబ్దులుగా ఆ మంచు తఱుగుచునేయున్నది.

నాయనా, నీ వెచటనున్నను వినుము. అచట ఏమియు లేదనుట నా తప్పు. మన సముద్రతీరము ఎచటనుండవలెనో నిర్ణయించు మంచు అచట నున్నది. అందుకే దానిని పటమున వేసిరి.