పదిమందిలో ఒకరు: ఈ లెక్క ఎక్కడిది?

ఎండోమెట్రియోసిస్ గురించి ఎక్కడ చదివినా ఒక మాట కనిపిస్తుంది: బిడ్డలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో పదిమందికి ఒకరికి ఈ జబ్బు ఉంటుందని. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ప్రపంచం మొత్తం మీద సుమారు 19 కోట్ల మంది. అయితే ఇది జనాభా లెక్కల మాదిరి ఇంటింటికీ తిరిగి తేల్చిన సంఖ్య కాదు.

ఇజ్రాయెల్‌లో 20 లక్షల మంది సభ్యులున్న ఒక ఆరోగ్య సంస్థ రికార్డులను తిరగేసి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో వెయ్యిమందికి పదకొండుగురు, అంటే నూటికి ఒకరు తేలారు. ఆస్ట్రేలియాలో 1973–78 మధ్య పుట్టిన ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వస్తే, నలభైల చివరికి వచ్చేసరికి ఏడుగురిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. జబ్బు ఒకటే, లెక్కలకు మాత్రం పొంతన లేదు. మొదటిది, ఫైలులో ఆ జబ్బు పేరు రాసి ఉన్నవాళ్లను మాత్రమే లెక్కపెట్టింది. రెండోది, డాక్టరు అనుమానించినవాళ్లను కూడా కలుపుకుంటూ, వయసు పెరిగేకొద్దీ లెక్కను పెంచుకుంటూ పోయింది.

అసలు చిక్కు జబ్బు స్వభావంలోనే ఉంది. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, పేగుల దగ్గర పెరుగుతుంది. నెలనెలా హార్మోన్లకు స్పందించి వాస్తుంది, కొందరిలో లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో పాత రక్తం చేరి గడ్డ కడితే చాక్లెట్ సిస్ట్ అంటారు. అది స్కానింగ్‌లో తెలుస్తుంది. పొర మీది చిన్న చిన్న మచ్చలు మాత్రం మామూలు స్కానింగ్‌కు దొరకవు. వాటిని చూడాలంటే బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి కెమెరా పంపాలి. ఒక లెక్క కోసం బాధ లేని వెయ్యిమంది కడుపులోకి కెమెరా పంపుతామంటే ఎవరు ఒప్పుకుంటారు?

అందుకే పరిశోధకులు ఎలాగూ ఆపరేషన్‌కు వచ్చినవాళ్లనే చూశారు. పిల్లలు కలగడం లేదని వచ్చినవాళ్లలో చూస్తే నూటికి 25 నుంచి 50 మందికి కనిపించింది. ఏ బాధా లేకుండా పిల్లల ఆపరేషన్‌కు వచ్చినవాళ్లలో అంతకంటే చాలా తక్కువమందికి కనిపించింది. 2007–09లో అమెరికాలోని యూటా, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో ఆపరేషన్‌కు వచ్చినవాళ్లనూ, రానివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆపరేషన్‌కు వచ్చినవాళ్లలో నూటికి 40 మందికి పైగా జబ్బు ఉంది. అదే ప్రాంతాల్లో మామూలుగా తిరుగుతున్న 130 మంది దాకా స్త్రీలకు ఎమ్మారై తీస్తే 11 శాతం మందిలో దొరికింది. చిన్న మచ్చలు ఎమ్మారైకి కూడా సరిగా చిక్కవు కాబట్టి, పదిమందిలో ఒకరు అనే మాటను అతిశయోక్తిగా నేను చూడను.

ఇక మన దగ్గరికి వద్దాం. ఒక పిల్ల ఇంటర్ హాస్టల్లో నెలకు రెండు రోజులు మంచం దిగలేదు. వార్డెన్ నొప్పి బిళ్ల ఇస్తుంది, అమ్మ ‘పెళ్లయితే సర్దుకుంటుందిలే’ అంటుంది. పెళ్లయ్యాక స్కానింగ్ తీస్తే అంతా నార్మల్ అని రాస్తారు. రెండు కాన్పుల తర్వాత పిల్లల ఆపరేషన్ అవుతుంది. అందులో డాక్టరు వెతికేది నాళాల కోసం, మచ్చల కోసం కాదు. ముప్పై దాటాక నొప్పి ముదిరితే ‘పిల్లలున్నారుగా, ఇంకెందుకు’ అని గర్భసంచి తీసేస్తారు. ఇన్నేళ్లలో ఆమె కాగితాల్లో ఎక్కడా ఈ జబ్బు పేరు పడలేదు. ఇజ్రాయెల్ పద్ధతిలో లెక్కపెడితే ఆమె లేనట్టే.

ఇది ఊహించి చెప్పిన కథే గానీ ఇలాంటివాళ్లు లేకపోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 9, తెలంగాణలో 8. ఎందుకు తీయించుకున్నారని అడిగితే దేశవ్యాప్తంగా సగానికి పైగా మంది చెప్పిన కారణం నెలసరిలో విపరీతమైన రక్తస్రావం లేదా నొప్పి. ఆ జవాబు వెనుక ఫైబ్రాయిడ్ ఉండొచ్చు, ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. నొప్పిని నొప్పిగానే రాసుకుని ఎండోమెట్రియోసిస్ పేరు విడిగా అడగని సర్వేలో ఈ జబ్బు కనబడదు. పేరు పడటానికి చాలా దేశాల్లో 4 నుంచి 12 ఏళ్లు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. మన దగ్గర కొందరికి ఆ పేరు పడకముందే గర్భసంచి పోతూ ఉండొచ్చు.

ఒక మంచి మార్పు ఉంది. కెమెరా పరీక్ష జరిగితే తప్ప జబ్బును నిర్ధారించకూడదన్న పాత నియమాన్ని యూరప్ నిపుణుల సంఘం 2022లో సడలించింది. లక్షణాలను బట్టి అనుమానించి మందులు మొదలుపెట్టవచ్చు.

కాబట్టి నెలసరి నొప్పి వల్ల కాలేజీకో పనికో ప్రతి నెలా నాగా పడుతున్నా, మూత్రానికో విరేచనానికో వెళ్లినప్పుడు, భర్తతో కలిసినప్పుడు నొప్పి వస్తున్నా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. స్కానింగ్ నార్మల్ అన్నంత మాత్రాన లేచి వచ్చేయకుండా ‘ఎండోమెట్రియోసిస్ కావచ్చా?’ అని అడగండి. గర్భసంచి తీసేద్దామంటే ఏ జబ్బుకు తీస్తున్నారో కాగితం మీద రాయమనండి, రెండో డాక్టరుకు చూపించండి. బయటి మచ్చలు అలాగే ఉండిపోతే, గర్భసంచి తీసేసినా నొప్పి మిగలొచ్చు.