నొప్పి తగ్గిన భుజం కోలుకున్నట్లేనా?

హిమాయత్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారకముందే కూరగాయల గంపలు, పూల మూటలు భుజాలకెక్కుతాయి. మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాల జీవనం ఆ భుజాల మీదనే ఆధారపడి ఉంది. మా విద్యార్థి ఒకని అన్నకు బండి మీది నుండి పడి భుజం కీలు జారింది. వైద్యులు సరిచేశారు. కొన్ని వారాలకు నొప్పి పోయింది. అతడు వెంటనే గంప ఎత్తాడు, కీలు మళ్లీ జారింది. “నొప్పే లేదు కదా మౌలానా సాబ్, మరెందుకు జారింది?” అని అతని తండ్రి మమ్మల్ని అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు కీలు నిర్మాణంలోనే ఉన్నది. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చున్న బంతి వంటిది. భుజం కీలు సాసరుపై నిలిపిన బంతి వంటిది. దానిని నిలిపేవి చుట్టూ ఉన్న స్నాయువులు, కండరాలు. చేయి పూర్తిగా పైకెత్తినప్పుడు సుమారు 180 డిగ్రీల కదలికలో 120 డిగ్రీలు కీలు నుండి, 60 డిగ్రీలు వీపుమీది రెక్క ఎముక నుండి వస్తాయి. ఈ పొందిక చెడినా చేయి లేవవచ్చు, నొప్పి లేకపోవచ్చు. కానీ బరువు పడినప్పుడు పట్టు తప్పుతుంది. యౌవనంలో ఒకసారి జారిన భుజం మళ్లీ జారే ప్రమాదం మరీ ఎక్కువ.

వెయ్యేళ్ల క్రితం అల్‌-జహ్రావీ తన ‘అల్‌-తస్రీఫ్’లో కీళ్లు తప్పడాన్ని గురించి వివరించారు. ఆనాటి వైద్యునికి చూపు, స్పర్శలే కొలమానాలు. నేడు వాటికి తోడుగా ఒంటికి ధరించే చలన సెన్సర్లు వచ్చాయి. ఫోను తిప్పితే తెర తిరగడానికి కారణమైన పరికరాల వంటివే ఇవి. రొమ్ము ఎముక, రెక్క ఎముక, దండచేయిలపై వీటిని అతికించి, చేయి ఎత్తమని, నెమ్మదిగా దించమని, మళ్లీ మళ్లీ చేయమని చెబుతారు. ఎంత కోణం లేచింది, ఎక్కడ వణికింది, అలసిన తర్వాత రెక్క ఎముక ఎలా వాలింది అన్నవి అంకెల్లో తెలుస్తాయి. బాగున్న చేతితో పోల్చి చూడవచ్చు. లోపం తరచుగా చేయి దించేటప్పుడే బయటపడుతుంది.

అయితే వీటికీ పరిమితులున్నాయి. రెక్క ఎముకపై చర్మం జారుతుంది కనుక, చేయి భుజం ఎత్తు దాటిన తర్వాత కొలత తప్పవచ్చు. తెగిన స్నాయువును ఇవి చూపలేవు, అందుకు ఎం.ఆర్.ఐ. కావాలి. తుది నిర్ణయం వైద్యునిదే.

సెన్సరు అందుబాటులో లేనివారు కూడా ఇంట్లో గమనించవలసినవి ఉన్నాయి. చేయి దించేటప్పుడు వణుకుతోందా? వెనుక నుండి చూస్తే రెక్క ఎముక అంచు పొడుచుకు వస్తోందా? చేతిని తల వెనుకకు పెట్టాలంటే భుజం జారుతుందన్న భయం కలుగుతోందా? వీటిలో ఏది ఉన్నా బరువు ఎత్తక, ఎముకల వైద్యునికో ఫిజియోథెరపిస్టుకో చూపించాలి. జారిన భుజాన్ని ఇంట్లో లాగి సరిచేయబోతే నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చు.

ఆ తండ్రికి మేము ఇదే చెప్పాము. కూలి పోతుందన్న ఆయన బాధ నిజమైనదే. కానీ మూడోసారి జారితే పోయేది కొన్ని వారాల కూలి మాత్రమే కాదు. ఆ యువకుడు ఇప్పుడు వ్యాయామాలు చేస్తున్నాడు, గంపను కొంతకాలం తండ్రే ఎత్తుతున్నారు.